నలభై ఒకటో సీసా

వడ్రంగి షెడ్డు, ఇంటి వెనక
చెట్లు విరగబూసిన వారం

అమ్మాయీ,

ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలీక చాలాసేపు పెన్సిలు చెక్కుతూ కూర్చున్నాను. పాత పద్ధతిలో కోడలికి రాసే మాటల్లో సగం ఇప్పుడు నీకు రాయకూడనివి. కాబట్టి ఉత్త అమ్మాయీ. సర్దుకో.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఆ ఫోన్ వంటింటి గోడకుంది. మోగితే మీ అత్తే ఎత్తుతుంది. నీ గొంతు వినగానే మాట్లాడకుండా నా చేతిలో పెట్టి, అక్కడే గిన్నెలు సర్దుతున్నట్టు నుంచుంటుంది. ఇంక నేనేం మాట్లాడను? పెన్సిలే నయం.

సంగతేమిటంటే, మన అబ్బాయి తేనెటీగల పెట్టెలు ఆరూ బంగారంలా ఉన్నాయి. నేను చేసింది చెక్క పని. ఈగల సంగతి వాడికే తెలుసు. వాడు పోయాక కుట్టించుకుంటూ కుట్టించుకుంటూ నేర్చుకున్నాను. మొహం వాచి రెండ్రోజులు కన్ను తెరవని రోజులున్నాయి. అలాంటిది ఈసారి మన పెట్టెలు ఎత్తబోతే నడుం పట్టేసింది, అంత బరువు! వీధి చివర పెట్టెలు పెట్టినాయన తనకి సగం కూడా రాలేదని మొత్తుకుంటున్నాడు. మనవాడి చెయ్యి అలాంటిది, పోయినా పనిచేస్తోంది అన్నాను.

తేనె సంఘం మనిషి వచ్చి ఒక సీసా సీలు వేసి పట్టుకెళ్లాడు. నలభై ఒకటో నంబరట. మీ ల్యాబ్‌కే వస్తుందని చెప్పాడు. అది పాసైతే సంఘం ముద్రతో తేనె అమ్ముకోవచ్చు. లేబుల్ కోసం చెక్క అచ్చు కూడా చెక్కేశాను. చిన్నప్పుడు వాడు నా ఉలితో పెట్టె మూత మీద ఒక ఈగ బొమ్మ గీకి, నా చేత తిట్లు తిన్నాడు చూడు, అదే బొమ్మ. వాడి తేనె, వాడి బొమ్మ. పదిమంది ఇళ్లల్లో వాడు ఉంటాడు. నాకింకేం కావాలి?

నిన్ను సిఫార్సు అడగడం లేదు సుమా. నేనే పరీక్ష చేసేశాను. నీళ్లలో వేస్తే చుక్క చెదరకుండా అడుక్కి దిగింది. ఒత్తి ముంచి అంటిస్తే భగ్గుమంది. ఇంక మీ మిషన్లు కొత్తగా చెప్పేదేముంది?

మీ అత్త తేరుకుంది. పొద్దస్తమానం పెట్టెల దగ్గరే, వాటితో ఏదో మాట్లాడుతూ ఉంటుంది. నేను దగ్గరికి వెళ్తే నీ చేతులు మొరటు, అవతలికి పో అంటుంది. పెట్టెల ముందు రోజూ కాసిని ఈగలు చచ్చి పడుతున్నాయి, రంపం పొట్టు ఊడ్చినట్టు ఊడ్చేస్తున్నాను. ముసలివి రాలిపోతాయి కదా.

వేళకి తిను.

మామయ్య

*

ల్యాబ్, రెండో అంతస్తు
సోమవారం

మామయ్యగారికి,

మీ ఉత్తరం అందేసరికి నలభై ఒకటో సీసా రిపోర్టు మీద నా సంతకం పడిపోయింది. మా దగ్గరికి వచ్చే సీసాల మీద నంబర్లే ఉంటాయి, ఎవరివో రాయరు. మీదని ముందే తెలిస్తే దాన్ని ముట్టుకోకుండా పక్క టేబుల్‌కి జరిపేదాన్ని.

పాస్ కాలేదు. ఎలా రాసినా ఆ మాట మారదు కాబట్టి ముందే రాసేశాను.

పువ్వుల్లోంచి వచ్చిన తీపికీ చెరకులోంచి వచ్చిన తీపికీ లోపల కర్బనంలో తేడా ఉంటుంది. నాలుకకి తెలీదు, మిషన్ పట్టేస్తుంది. ఆ సీసాలో మూడోవంతుకి పైగా చెరకు పంచదార ఉంది. మైక్రోస్కోప్ కింద పుప్పొడి కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మీ నీళ్ల పరీక్షకి చిక్కటి పాకం ఏదైనా పాసైపోతుంది మామయ్యా. ఒత్తి కూడా అంతే.

ఇంకొకటి ఉంది. పంచదారలో పులుపు వేసి బాగా మరిగిస్తే ఒక పదార్థం పుడుతుంది. హెచ్.ఎం.ఎఫ్. అంటాం. తాజా తేనెలో అది ఉందా లేదా అన్నట్టుండాలి. ఈ సీసాలో విపరీతంగా ఉంది. మా పెద్దాయన కాగితం చూసి, "ఇది ఫ్యాక్టరీ పాకం. పని తెలిసినవాడే కలిపాడు. ఘటికుడు" అన్నారు. నేను తల వంచుకుని విన్నాను.

మీ ఉత్తరం అప్పటికే నా చేతిలో ఉంది, ఆ సీసా మా మామగారిదని ఆయనకి చెప్పాను. పాపం, ఆయన అప్పటిదాకా నవ్వుతున్నారు, ఆపేశారు. ఇంకొకరి చేత మొత్తం పరీక్షలు మళ్లీ చేయించారు. ఫలితం అదే వచ్చింది.

మీరు కలిపారని నేననడం లేదు. కానీ కలవకుండా ఇలా రాదు. ఎవరైనా పెట్టెల్లో ఏమైనా పోస్తున్నారా? కాస్త చూడండి. సంఘం నుంచి కాగితం వస్తుంది, ముందే తెలియాలని రాశాను.

అత్తయ్య తేరుకున్నారని రాశారు. ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను.

మీ కోడలు

*

షెడ్డు
ఆదివారం

కోడలికి,

నీ ఉత్తరం ముందు వచ్చింది, సంఘం కాగితం వెనకాలే వచ్చింది. ఆఫీసుకి పిలిచి అందరి ముందూ చదివారు. కల్తీ అట. నలభై ఏళ్లుగా తలుపులూ కిటికీలూ చేశాను. మూత వెంట్రుకవాసి పట్టకపోతే నేనే వెనక్కి తెచ్చుకుని మళ్లీ చిత్రిక పట్టి ఇచ్చాను. అలాంటివాణ్ణి పట్టుకుని ఒక కుర్రాడు, "తాతా, పాకం ఏ కంపెనీది, మాకూ చెప్పు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

తెలీక చేశానంటావు. పోనీ తెలిశాక? ఇంకొకరి చేత మళ్లీ చేయించావట! అంటే గుచ్చిన కత్తి సరిగా దిగిందో లేదో చూసుకున్నావన్నమాట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అది చేశావు. ఆ వాసాలు కూడా నేను ఎక్కించినవే.

మీ అత్త ఇన్నాళ్లుగా ఒక మాట అంటూనే ఉంది. ఆసుపత్రిలో వాడి చివరి రోజున, నువ్వు మంచం దగ్గర లేకుండా గుమ్మంలో వీపు తిప్పి నుంచున్నావని. కన్నతల్లి చూడగలిగింది, కట్టుకున్నది చూడలేకపోయిందా అని. నేను ప్రతిసారీ నీ తరఫున వాదించాను. చిన్నపిల్ల, తట్టుకోలేకపోయిందిలే అన్నాను. ఇక వాదించను.

ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు. ఎలా చెప్పను? అసలే ఒంట్లో బాలేదు. గొంతు గరగర అంటూ రోజూ నిమ్మకాయ పిండి పంచదార పాకం కాచుకుంటోంది. ఇంట్లో పంచదార డబ్బా నిలవడం లేదు, నిమ్మకాయలు మోయలేక నేను చస్తున్నాను. అటు పెట్టెలు చూస్తే, రెండు ఖాళీ అయిపోయాయి. మూడోదాంట్లో ఈగలు గుమ్మంలోనే గింగిరాలు తిరిగి పడిపోతున్నాయి. నీ రిపోర్టులో వాటి సంగతేమైనా ఉందా? ఉండదులే. మీకు సీసాలో ఉన్నదే కావాలి.

జవాబు రాయనక్కర్లేదు.

*

ల్యాబ్ క్యాంటీన్
మీ ఉత్తరం అందిన మధ్యాహ్నం

మామయ్యా,

తిట్లన్నీ చదివాను. నిమ్మకాయల దగ్గర ఆగిపోయాను.

అత్తయ్యకి గొంతు గరగర లేదు. ఆ పాకం ఎవరికోసం కాచేవారో మీకూ తెలుసు. చిన్నప్పుడు ఆయనకి గొంతు పట్టేస్తే అదే మందట కదా, ఆయనే చెప్పేవారు. తర్వాత గొంతులో కణితి వచ్చి మెతుకు దిగనప్పుడు కూడా అదే. నీళ్లకి కూడా పొలమారే మనిషికి అదొక్కటే చెంచాడు చెంచాడుగా దిగేది. మీ ఇంటి పొయ్యి మీద ఆ గిన్నె ఎన్నిసార్లు చూశానో. పాకం కాస్త ఎర్రబడేదాకా దించేవారు కారు.

ఇప్పుడు ఆవిడ ఆయన పెట్టెలకి పోస్తున్నారు. పువ్వులున్నా లేకపోయినా, రోజూ. మిమ్మల్ని దగ్గరికి రానివ్వనిది అందుకే. తేరగా దొరికిన తీపిని ఈగలు గూట్లో దాచాయి, మీరు తీసి సీసాలో పోశారు. మా పెద్దాయన మెచ్చుకున్న ఘటికుడు అత్తయ్య.

నవ్వాలో ఏడవాలో తెలీక క్యాంటీన్‌కి వచ్చి కూర్చుని రాస్తున్నాను. మిగతాది జాగ్రత్తగా చదవండి. నిమ్మరసం వేసి మరిగించినప్పుడు పుట్టే ఆ పదార్థం మనిషిని ఏమీ చెయ్యదు. ఈగల పొట్ట మాత్రం తట్టుకోలేదు. మీ పెట్టెల ముందు రాలుతున్నవి ముసలివి కావు.

ఈ రెండో సంగతి అత్తయ్యతో అనకండి. మీకు దణ్ణం పెడతాను. సంఘం రూలు మారిందనండి. పువ్వులున్నప్పుడు ఏమీ పోయకూడదనండి. పువ్వుల్లేని రోజుల్లో ఉత్త పంచదార చల్లటి నీళ్లలో కలిపి పెట్టొచ్చు, పొయ్యి మీద పెట్టకూడదు, పులుపు తగలకూడదు. ఆవిడ చేతులకి ఆ పని ఉండనివ్వండి. ఎందుకని అడిగితే కోడలు చెప్పింది, దానికన్నీ పట్టింపులేనని నా మీదకి తోసెయ్యండి. నా మీద ఎలాగూ కోపమే కదా.

మీ కోపం ఇంకో రెండ్రోజులు నాకే ఇవ్వండి. ఆవిడకి ఇవ్వకండి.

గుమ్మంలో నుంచున్న సంగతికి జవాబు రాయను.

మీ కోడలు

*

షెడ్డు
వాన

అమ్మా,

నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యంగా వచ్చింది.

ముందురోజు సంఘంలో ఈగల సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకాయన, నా మొహం చూసి జాలిపడి ఇంటికి వచ్చాడు. చచ్చిన ఈగల్ని అరచేతిలో వేసుకుని, పెట్టెలో నాకి చూసి, "ఎవరో కాచిన పాకం పోస్తున్నారండీ, అదే వీటి ప్రాణం తీస్తోంది" అని చెప్పి వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవడో పగబట్టాడనుకున్నాను. షెడ్డు కిటికీలోంచి కాపు కాశాను. మీ అత్త కొంగు చాటున గిన్నె పట్టుకుని వచ్చింది.

వెళ్లి ఆ గిన్నె లాక్కుని విసిరికొట్టాను. నలుగురిలో పడ్డ మాట, ఖాళీ పెట్టెలు, అన్నీ ఒక్కసారి మీదకి వచ్చాయి. "చేతులారా చంపుకున్నావు కదే! నీ పాకమే చంపింది!" అని అరిచాను. కల్తీ రిపోర్టు, దానిమీద నీ సంతకం, అన్నీ ఆ కోపంలోనే కక్కేశాను.

ఆవిడ తడినేల మీద అలాగే కూలబడింది. తర్వాత తలెత్తి అడిగింది, "వాడిక్కూడా అదేనా?" అని.

అమ్మా, ఆ మాట అర్థం కావడానికి నాకు కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక, కాదే పిచ్చిదానా, నేనన్నది ఈగల్ని అని వంద సార్లు చెప్పాను. నీకేం తెలుసు, పెట్టెలు చేసుకునేవాడివి అంది. డాక్టరు నోటితో ఏమీ ఇవ్వొద్దన్నాడట. నర్సు కళ్లు కప్పి చివరి రోజు కూడా పోసిందట. ఆ సాయంత్రమే వాడు పోయాడు. ఏడాదిగా ఆ సంగతి లోపల పెట్టుకుని బతుకుతోందని నాకు తెలీదు. ఒకే ఇంట్లో ఉండి తెలీదు! వాడు అంత ఇష్టంగా తాగింది విషమెలా అవుతుందని తనకి తానే చెప్పుకుంటూ ఉండేదట. నేను గట్టిగా అరిచి తేల్చేశాను.

అప్పట్నుంచీ అన్నం ముట్టదు. నేను కలిపి పెడితే పెదాల దగ్గరికి తెచ్చుకుని మళ్లీ పళ్లెంలో పెట్టేస్తుంది.

నిన్న మాత్రం లేచి పొయ్యి వెలిగించింది. ఎప్పట్లాగే పాకం కాచి సీసాలో పోసి, మూతకి గుడ్డ కట్టి నా చేతికిచ్చింది. "కోడలికి పంపు. మావగారి తేనెకే కల్తీ అని రాసిన పిల్ల, నా మొహం చూసి అబద్ధం రాయదు. ఏముందో అది రాయమను" అంది.

పంపిస్తున్నాను. నిన్ను ఆడిపోసుకున్న నోటితోనే అడుగుతున్నాను, సిగ్గు విడిచి అడుగుతున్నాను. అందులో ఏం తేలినా సరే, మంచిదే రాయి. నా జన్మలో ఎవర్నీ అబద్ధం చెప్పమని అడగలేదు. ఈ ఒక్కసారికి రాయి తల్లీ. లేకపోతే ఈ మనిషి నాకు దక్కదు.

మామయ్య

*

నా గది
ల్యాబ్ సెలవు రోజు

అత్తయ్యకి,

మామయ్య చేత చదివించుకోకండి. మీ కళ్లద్దాలు పెట్టుకుని మీరే చదవండి. లేకపోతే మామయ్య మధ్యలో ఏదో మార్చేశారని అనుమానం వస్తుంది మీకు. నాకు తెలుసు, నాకూ అదే బుద్ధి.

సీసా అందింది. మీరు కట్టిన గుడ్డ ముడి విప్పలేక పళ్లతో లాగాల్సి వచ్చింది. ఒక్క చుక్క కారలేదు.

అందులో ఏముందో రాస్తున్నాను. పంచదార, నీళ్లు, నిమ్మరసం, చిటికెడు ఉప్పు. బాగా మరిగించడం వల్ల పుట్టిన ఆ హెచ్.ఎం.ఎఫ్. కూడా ఉంది. అది మనిషికి హాని చెయ్యదు. మనం తాగే కాఫీలో, మాడిన రొట్టె ముక్కలో కూడా ఉండేదే. మీరు పోసినవి చెంచాలు, గ్లాసులతో తాగినా ఏమీ కాదు. నేను రెండుసార్లు చూశాను. పక్క టేబుల్ ఆయనకి ఎవరిదో చెప్పకుండా ఇచ్చి మూడోసారి చూపించాను. ఇద్దరం కాదు, ముప్పైమంది చూసినా ఇదే వస్తుంది.

ఈగలకి మాత్రం అది పడదు. ఆ పెట్టెలు ఖాళీ కావడానికి కారణం అదే. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ రాయకపోతే పైన రాసింది కూడా మీరు నమ్మరు.

మామయ్య మంచిదే రాయమన్నారు, అబద్ధమైనా సరేనన్నారు. ఆయన్ని ఏమీ అనకండి, మీ మీద బెంగతో అన్నారు. నాకు అబద్ధంతో పని పడలేదు.

మిషన్ చెప్పలేనిది ఒకటుంది, అది నేను చెప్తాను.

ఆ రోజు పొద్దున డాక్టరు నన్ను వరండాలోకి పిలిచారు. నోటితో ఏమీ ఇవ్వొద్దని అంతకుముందు చెప్పింది ఆయనే. ఆ పొద్దున, "ఇక ఏదడిగితే అది ఇవ్వండమ్మా" అన్నారు. ఆ మాటకి అర్థం ఏమిటో నాకు తెలిసిపోయింది. మీకు చెబితే మీకూ తెలిసిపోతుంది. అప్పటికి మీరింకా వచ్చే వారం ఇంటికి తీసుకెళ్దాం, పరుపు ఎండలో వేయించాలి అంటున్నారు. అందుకని చెప్పలేదు. మీరు దొంగతనంగా పోస్తున్నాననుకున్నారు. కాదు అత్తయ్యా. డాక్టరు పొయ్యమన్నదే పోశారు.

నర్సుకి ఆ సంగతి ఇంకా చేరలేదు. వచ్చి గిన్నె లాక్కుంటుందేమోనని నేను గుమ్మానికి అడ్డంగా నుంచున్నాను. నేను చూస్తున్నానని తెలిస్తే మీరు భయపడి గిన్నె కొంగు కింద దాచేస్తారు. అందుకని వీపు తిప్పాను.

గిన్నెకి చెంచా తగలడం వినబడింది. ఆయన మింగడం వినబడింది. తర్వాత "ఇంకొంచెం" అన్నారు. మీకు గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఎన్నాళ్లుగానో ఆయన ఏదీ కావాలని అడగలేదు. ఆయన గొంతు నేను విన్నది అదే ఆఖరు. ఒక్కసారి తిరిగి మొహం చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. నేను తిరిగితే ఆ ఇంకొంచెం ఆయనకి అందదు. తిరగలేదు.

తిరగనందుకు నాకిప్పుడు కూడా ఏడుపొస్తుంది. తిరగాల్సిందని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

అన్నం తినండి. ల్యాబ్ ముద్ర దీనిమీద వెయ్యకూడదు, ఇది ఇంటి సీసా. సంతకం మాత్రం నలభై ఒకటో సీసాకి పెట్టినదే పెడుతున్నాను. కావాలంటే మామయ్య దగ్గరున్న కాగితంతో పోల్చి చూసుకోండి.

మీ కోడలు

*

షెడ్డు
వాన వెలిసింది

అమ్మాయీ,

నీ ఉత్తరం పట్టుకుని మీ అత్త పెరటి గుమ్మంలో కూర్చుంది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. నేను షెడ్డులో రంపం చేతిలో పెట్టుకుని, కోస్తున్నట్టు చప్పుడు చేస్తూ కిటికీలోంచి చూస్తున్నాను. చదివింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. తర్వాత నన్ను కేకేసి, ఆ సంఘం కాగితం తెమ్మంది. రెండూ పక్కపక్కన పెట్టి సంతకాలు చూసుకుంది. నేను నవ్వబోయి ఆగిపోయాను.

"అయితే ఆ పిల్ల వీపు తిప్పింది అందుకా" అంది.

అని ఏడ్చింది. వాడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. నాకు ఏం చెయ్యాలో తెలీక పక్కన కూర్చున్నాను. పొద్దువాలాక ఆకలేస్తోందంది. పెరుగన్నం పెడితే తింది, సగమే.

పెట్టెల్లో ఒక్కటే మిగిలింది. దాంట్లోనూ పల్చగానే ఉన్నాయి, ఉంటాయో పోతాయో తెలీదు. పువ్వులు అయిపోయాయి కాబట్టి చల్లటి నీళ్లలో పంచదార కలిపి పెడుతున్నాం. తనే కలుపుతుంది. పొయ్యి వైపు చూడను కూడా చూడదు. సంఘానికి వెళ్లి, తప్పు మా ఇంట్లోనే జరిగింది, మీ కాగితం నిజమేనని చెప్పి వచ్చాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఉన్న తేనెంతా పారబోశాను. ఈగ బొమ్మ అచ్చు మాత్రం పారెయ్యలేక పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టాను.

నిన్న నీకు ఫోన్ చేస్తానంది మీ అత్త. నంబరు నొక్కి, మోగకముందే పెట్టేసింది. ఏమయిందే అంటే, "ఫోన్లో వద్దు. ఇన్నాళ్లూ దాని వీపే గుర్తుపెట్టుకున్నాను. రమ్మను, ఎదురుగా కూర్చోబెట్టుకుని మొహం చూడాలి" అంది.

ఎప్పుడొస్తావో ముందుగా రాయి. మీ గది తలుపు వానకి ఉబ్బిపోయి మూత పడటం లేదు. చిత్రిక పట్టి ఉంచుతాను.

మామయ్య